పాత గాయాన్ని దాచని మరమ్మతు

ఇంగ్లండ్‌లోని యార్క్ నగరంలో క్లిఫర్డ్స్ టవర్ ఎక్కేవాళ్లలో చాలామంది ధ్యాస పైనున్న డెక్ మీదే. అక్కడినుంచి మిన్‌స్టర్ చర్చి, పాత ఊరి ఇళ్ల కప్పులు చక్కగా కనిపిస్తాయి, నిజమే. నా కాళ్లు మాత్రం లోపలి గోడల దగ్గరే ఆగిపోయాయి.

విలియం ది కాంకరర్ కాలంలో పోయించిన మట్టిదిబ్బ మీద, 13వ శతాబ్దంలో మూడో హెన్రీ రాజు కట్టించిన రాతి బురుజు ఇది. పైనుంచి చూస్తే నాలుగు రేకుల పువ్వులా ఉంటుంది. అంత రాతి బరువుకి దిబ్బ కుంగి, 14వ శతాబ్దంలోనే గోడలు పైనుంచి కిందిదాకా చీలాయి. 1684లో పేలుడు, మంటలు లోపలి అంతస్తుల్ని, కప్పునీ బూడిద చేశాయి. ఆ సెగకి తెల్లటి సున్నపురాయి అక్కడక్కడా గులాబీ రంగుకి తిరిగింది. మూడు వందల ఏళ్లు దాటినా ఆ రంగు పోలేదు.

2022లో పూర్తయిన మరమ్మతులో నాకు నచ్చింది ఇదే: ఆ రాళ్ల జోలికి పోలేదు. కొత్త చెక్క డెక్ బరువంతా లోపల నిలబెట్టిన నాలుగు చెక్క స్తంభాలదే. వాటి కింద వెడల్పాటి కాంక్రీటు పలక వేసి, బరువు ఒకచోట పడకుండా పరిచారు. మంటల తర్వాత ఎవరూ అడుగుపెట్టలేని మొదటి అంతస్తు గదులకి వేలాడే నడకదారులు వేశారు. రాజుగారి మరుగుదొడ్డి కూడా చూసి రావచ్చు! బురుజుని కొత్తదానిలా చేసి చూపించాలన్న తాపత్రయం ఎక్కడా లేదు. పనివాడితనం అంటే ఇదీ.

అయితే ఇక్కడ జరిగిన అతి పెద్ద ఘోరానికి ఈ గోడలు సాక్షులు కావు. 1190 మార్చిలో ఊరి యూదులు, సుమారు 150 మంది, ప్రాణభయంతో అప్పటి చెక్క బురుజులో తలదాచుకున్నారు. గుంపు చుట్టుముట్టింది. చాలామంది తమ ప్రాణాలు తామే తీసుకున్నారు. ప్రాణాలు తీయరన్న మాట నమ్మి బయటికొచ్చినవాళ్లని నరికేశారు. బురుజు కాలిపోయింది. దిబ్బ మొదట్లో 1978లో పెట్టిన స్మారక ఫలకం ఉంది. మెట్లెక్కే ముందే చదవండి. అది చదివి పైకెళ్తే మిన్‌స్టర్ వేరేగా కనిపిస్తుంది. గుంపుని ఎగదోసినవాళ్లలో యూదులకి బాకీపడ్డ పెద్దమనుషులున్నారు. ఇక్కడ పని కాగానే గుంపు వెళ్లింది ఆ మిన్‌స్టర్‌కే, అందులో దాచిన అప్పుపత్రాలు తగలబెట్టడానికి.