పాఠం ఎవరిది? పరీక్ష ఎవరికి?

బడిలో నిజాం పాఠం మొదలైన రోజు మాకింకా గుర్తే. అయ్యవారు 'రజాకార్లు' అనగానే తలలన్నీ మా బెంచీ వైపు తిరిగేవి. బండి తోలే అబ్బా, బీడీలు చుట్టే అమ్మీ ఎన్నడు రాజ్యమేలారో మాకు తెలీదు. పాఠం మాత్రం మమ్మల్ని నిజాం వారసుల్ని చేసింది.

పాఠ్యపుస్తకం ఆకాశం నుంచి ఊడిపడదు. కుర్చీలో ఉన్నవాడి చెయ్యి దాని మీద ఉంటుంది. మా జైనూరు మండలమే సాక్ష్యం. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమును చంపిన రాజ్యమే, హైమండార్ఫ్ చొరవతో 1943లో మార్లవాయిలో గోండీలో చదువు మొదలుపెట్టింది. ఇది ఉత్త దయ కాదు, తిరుగుబాటు నేర్పిన బుద్ధి. 1948 తర్వాత కుర్చీ మారింది. తెలుగు వచ్చింది, గోండీ పక్కకు జరిగింది.

మా వైపు తప్పునూ దాచం. 1918లో పుట్టిన ఉస్మానియా దేశభాషలో పైచదువులు చెప్పింది. గొప్ప పనే. కానీ ఆ భాష ఉర్దూ. తెలుగు బిడ్డ తన భాషకు దూరమయ్యాడు. ఆ గాయాన్ని కాదనం. అయితే ఆ కుర్చీలో కూర్చున్నది నవాబులూ జాగీర్దార్లూ, దూదేకుల సాయిబు కాదు.

నిర్మల్‌లో ఉరికంబమెక్కిన రాంజీ గోండుతో కలిసి పోరాడింది రోహిల్లాలు. 1948 ఆగస్టులో రజాకార్ల చేతిలో హతమైన సంపాదకుడు షోయబుల్లాఖాన్ మావాడే. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి ప్రాణమిచ్చిన బందగీ మావాడే. నిజాం పేరు వినబడినంత గట్టిగా ఈ పేర్లు తరగతి గదిలో ఎందుకు వినబడవు? 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి చరిత్రలోంచి మొఘల్ దర్బారుల అధ్యాయాన్నే తీసేసింది. ఒకచోట శత్రువుగా నిలబెట్టడం, ఇంకోచోట లేకుండా చేయడం. కత్తెర ఒక్కటే.

2024 సెప్టెంబరులో జైనూరు తగలబడింది. ఆదివాసీ మహిళ మీద జరిగిన దాడి ఘోరం. నేరం చేసినవాడికి శిక్ష పడాల్సిందే. కానీ కాలినవి ఆ నేరంతో ఏ సంబంధం లేనివాళ్ళ దుకాణాలు. ఒకడి నేరం అందరిదనే లెక్క ఎక్కడ నేర్చారు? తలలన్నీ మా బెంచీ వైపు తిరిగిన నాడే కాదా?

మమ్మల్ని పొగిడే పాఠం మేం అడగడం లేదు. భీమునూ బందగీనీ ఒకే పాఠంలో చదవనివ్వమంటున్నాం. మార్లవాయి గోండు బిడ్డ, జైనూరు సాయిబు బిడ్డ ఒకే బెంచీ మీద కూర్చుని, ఎవరూ తలదించుకోకుండా చదివే పాఠం కావాలి.