పిన్ చెప్పకండి, లేచి వెళ్లండి

హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా బార్‌లో బిల్లు కట్టే తీరు ఒకటే. ఫోల్డర్‌లో కార్డు పెట్టి ఇచ్చేస్తాం. వెయిటర్ రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "సార్, పిన్?" అంటాడు. పాటల హోరులో వినపడదని గట్టిగా చెబుతాం. కొందరు బిల్లు వెనకాలే రాసిచ్చేస్తారు. చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

కార్డులోని చిప్ ప్రతి లావాదేవీకీ కొత్త కోడ్ తయారుచేస్తుంది కాబట్టి దాన్ని నకలు తీయడం చాలా కష్టం. వెనకున్న నల్లటి మాగ్నెటిక్ పట్టీకి ఆ రక్షణ లేదు. అరచేతిలో ఇమిడే స్కిమ్మర్ మీద ఒక్కసారి గీస్తే అందులోని వివరాలన్నీ వచ్చేస్తాయి. అంత దూరం కూడా అక్కర్లేదు. కార్డుకు రెండువైపులా ఫొటో తీస్తే నంబరు, గడువు తేదీ, సీవీవీ దొరికిపోతాయి. మన దేశపు వెబ్‌సైట్లు ఓటీపీ అడుగుతాయి గానీ విదేశీ సైట్లు చాలావరకు అడగవు. చిప్, పిన్, ఓటీపీ లాంటి తాళాలు ఉన్నా, మొహమాటానికి పోయి తాళంచెవి మనమే ఇచ్చేస్తున్నాం.

నేను మాత్రం కార్డు పట్టుకుని కౌంటర్ దాకా వెళ్తాను. తెర మీద మొత్తం చూసి, చెయ్యి అడ్డం పెట్టి పిన్ నొక్కుతాను. బిల్లు అయిదు వేల లోపైతే పిన్ లేకుండా ట్యాప్ చేసే వీలు 2021 జనవరి నుంచీ ఉంది. అప్పుడు కూడా కార్డు నా చేతిలోనే ఉంటుంది.

"నమ్మకం లేదా సార్?" అని ఒకటి రెండు చోట్ల వెయిటర్లు నొచ్చుకున్నారు. నమ్మకం లేక కాదు. రేపు ఎక్కడో, ఇంకెవరో నా డబ్బు కాజేసినా, పిన్ విన్న పాపానికి అనుమానం మొదట ఆ కుర్రాడి మీదికే పోతుంది. నెలజీతం మీద బతికే మనిషికి ఆ గండం ఎందుకు తేవాలి? పిన్ దాచుకోవడం అతనికీ రక్షణే.

అమెరికాలో ఉన్న మన పిల్లల సంగతి వేరు. అక్కడ ట్యాబ్ (చివర్లో ఒకేసారి కట్టే పద్దు) తెరిస్తే చాలా బార్లలో కార్డును బార్‌టెండర్ తన దగ్గరే ఉంచుకుంటాడు. పిన్ ఉండదు, టిప్ తర్వాత కలుపుతారు. అందుకని రసీదు దాచుకుని స్టేట్‌మెంట్‌తో సరిచూసుకోవాలి. క్రెడిట్ కార్డు దుర్వినియోగమైతే అక్కడి చట్టం ఖాతాదారు నష్టాన్ని 50 డాలర్లకు మించనివ్వదు.

మన రిజర్వు బ్యాంకు 2017 ఉత్తర్వులో, బ్యాంకు తప్పూ ఖాతాదారు తప్పూ లేని మోసాన్ని మూడు పనిదినాల్లో చెబితే నష్టం ఖాతాదారుకు అంటదని ఉంది. పిన్ లాంటి వివరాలు తనే ఇచ్చి ఉంటే మాత్రం, బ్యాంకుకు చెప్పేదాకా పోయిందంతా అతనిదేనని అందులోనే ఉంది.

బార్ యజమానులకు ఒక మనవి: సిగ్నల్ అందదన్న సాకు వదిలి, స్వైపింగ్ మెషీన్‌ను టేబుల్ దగ్గరికే పంపండి. మీ దగ్గర పనిచేసేవాళ్లకు పిన్ అడగవద్దని గట్టిగా చెప్పండి. పాఠకులారా, విదేశీ లావాదేవీల అవసరం లేకపోతే బ్యాంకు యాప్‌లో ఆ స్విచ్ ఈరోజే ఆపేయండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే కార్డు బ్లాక్ చేయించి, 1930కి ఫోన్ చేయండి.