పువ్వు ఏరాకే కొండ

ద్వారకా బస్‌స్టేషన్ ఎదురు సందులో టీ తాగుతుంటే, పక్క బల్ల మీద కోచింగ్ సెంటర్ కుర్రాళ్లు వంజంగి ప్రయాణం మానుకుంటున్నారు. ‘‘శివరాత్రి కూడా వెళ్లిపోయింది, ఇంక మబ్బులెక్కడివిరా? సీజనైపోయింది’’ అని ఒకడు తేల్చేశాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. కార్తీకం నుంచి సంక్రాంతి దాటేదాకా పాడేరు ఘాట్ రోడ్డు నిండా మనవాళ్లే. చూసేది కొండని కాదు, కొండని కప్పేసిన మబ్బుని. ఈ కాలమ్ చదివేవాళ్లకి నా గోల కొత్తేం కాదు: కొండెక్కాలంటే ఫాల్గుణంలోనే ఎక్కాలి.

వానాకాలం బురదలో జారతామని అందరికీ తెలుసు. ఎండుటాకు అంతకన్నా మోసం. పైన చీలమండ లోతున ఆకు, కింద గరుసు, మధ్యలో ఏ రాయి కదులుతుందో తెలీదు. ఎక్కడం ఎవరైనా ఎక్కుతారు, పనితనమంతా దిగడంలోనే. వేళ్లు కిందికి పెట్టి తిన్నగా దిగితే చతికిలబడతాం. వాలుకి అడ్డంగా తిరిగి, మోకాలు కాస్త వంచి, కర్రతో ఆకు పక్కకి తోసి, పాదమంతా ఆనించాలి. ఎండుగడ్డిని నమ్ముకుని పట్టుకుంటే వేళ్లు కోసుకుపోతాయి. గెడ్డలు సన్నబడిపోతాయి కాబట్టి నీళ్లు మోసుకెళ్లాల్సిందే. పది దాటితే రాయి కాలుతుంది, అందుకని చీకటితోనే బయల్దేరాలి.

ఈ చివరి సూత్రం దగ్గరే నాకు పేచీ వచ్చింది, సీతమ్మకొండ దారిలో. తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తైనదని దానికి పేరు, 1,680 మీటర్లంటారు. ఒడిశా వాళ్ల దేవమాలి 1,672. ఆ ఎనిమిది మీటర్లనీ మనవాళ్లు గర్వంగానే చెప్పుకుంటారు. హుకుంపేట వైపు ఒక చిన్న గూడెంలో పడుకుని, నాలుగింటికే లేచి, దారి చూపిస్తానన్న పెద్దాయన్ని పిలిచాం. ఆయన అప్పటికే బుట్ట పట్టుకుని ఉన్నాడు. ‘‘పువ్వు ఏరాకే కొండ’’ అన్నాడు.

ఇప్పపువ్వు రాత్రీ తెల్లవారుజామునా రాలుతుంది. చెట్టు కింద ఎండుటాకులు ముందే ఊడ్చి, కాల్చి, నేల శుభ్రం చేసి ఉంచుతారు. వెలుగు రాగానే ఇల్లంతా కదులుతుంది. ఆలస్యమైతే పశువులు తినేస్తాయి, ఎలుగుబంటి ముందే వస్తే అసలు దగ్గరికి పోలేరు. మా మిత్రుడు డబ్బు ఇంకొంచెం ఇస్తామన్నాడు. ‘‘మళ్లీ మబ్బేస్తే పువ్వు ఎండదు బాబూ, పాడైపోద్ది’’ అన్నాడాయన, తలెత్తకుండా ఏరుతూనే. పిల్లలు మా బూట్లని చూసి నవ్వుతున్నారు. మేం నేల మీది తెల్లటి కండ పువ్వుల్ని తొక్కకుండా ఓ పక్కన నిలబడ్డాం. నేనొకటి నోట్లో వేసుకున్నాను. తియ్యగా ఉంది, వెనకాల చిన్న వగరు.

ఎనిమిది దాటాక బయల్దేరాం. సగం కొండకే వీపు మండిపోయింది. దారిలో కొండచీపుర్ల మోపులతో దిగుతున్న ఆడవాళ్లు ఎదురైతే మేం వాలు పక్కకి ఒదిగాం. హవాయి చెప్పులతో, నెత్తిన బరువుతో, నేను పైన చెప్పిన సూత్రాలేవీ పాటించకుండా దిగిపోయారు. పైకెక్కితే పోడు పొగ. నాలుగు దిక్కులా బూడిద రంగు తప్ప ఏమీ కనపడలేదు.

టీ కొట్లో ఆ కుర్రాళ్లకి పాఠం చెబుదామని నోరు తెరిచినవాణ్ణి ఇదంతా గుర్తొచ్చి ఆగిపోయాను. మన నడకకి చల్లటి వేళ, వాళ్ల ఏరుడికి ఉన్న ఒకే వేళ ఒకటే. దారి చూపేవాడు మనతో వస్తే ఆ ఇంట్లో ఒక బుట్ట తగ్గుతుంది. నా మాట విని వంజంగి జనమంతా ఫాల్గుణంలో ఎగబడితే ఆ ఇప్పచెట్ల కింద కార్లు పెడతారు. సీజనైపోయిందన్న కుర్రాడిదే రైటు. పువ్వు అయిపోయేదాకా కొండ మనది కాదు.

మరీ కాళ్లు దురదపెడితే సింహాచలం మెట్లున్నాయి. అక్కడ ఏ వేళకెళ్లినా ఎవరి పనికీ అడ్డం రాం, కొబ్బరికాయలమ్మేవాళ్లకైతే లాభమే.