వెదురుపుల్ల కుంచె

పాతపట్నం దాటి కొండల వైపు సాగితే సవర గిరిజనుల గూడేలు. అక్కడ గోడబొమ్మకు సామగ్రి ఎంతని! ఎర్రమట్టి అలికిన గోడ, నానబెట్టి నూరిన బియ్యప్పిండి, కొస నలిపి పీచు చేసిన వెదురుపుల్ల. ముందు చట్రం గీస్తారు. లోపల సూర్యచంద్రులు, మనుషులు, చెట్టు, కొమ్మ మీద నెమలి. చైనా సిరా చిత్రకారుడి మెత్తటి కుంచె ఒక్క వత్తుడులోనే పూరేకును లావుగా మొదలెట్టి సన్నగా ముగిస్తుంది. మొండిపుల్లకు ఆ వెసులుబాటేదీ? నెమలి తోక ఒయ్యారమంతా చేతి విసురులోంచే రావాలి. పైగా పిండిగీత తడిగా ఉన్నప్పుడు కంటికి సరిగా ఆనదు, ఆరాకే తెల్లగా తేలుతుంది. సగం కళ్లు మూసుకుని గీసినట్టే! ఇంత పనితనమూ గోడకు సోకు కోసం కాదు, దేవతలకూ పోయిన పెద్దలకూ ఇంట్లో చోటివ్వడానికి. ఇప్పుడు అమ్మకానికి కాన్వాసు మీదా వేస్తున్నారు. కొనేటప్పుడు మాత్రం బేరమాడకండి.