దూరం నుంచి ఇంటి కంప్యూటర్: రెండు పద్ధతులు

ఇంటి కంప్యూటర్‌ను దూరం నుంచి వాడుకోవాలంటే విండోస్ వాడేవాళ్లకు తేలిగ్గా దొరికేవి రెండు: మైక్రోసాఫ్ట్ రిమోట్ డెస్క్‌టాప్, గూగుల్ వారి క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్. ఏది మేలన్న వాదన ఎక్కువగా స్పీడు దగ్గరే ఆగిపోతుంది. నా దృష్టిలో అసలు గీటురాయి వేరు: మనం కనెక్ట్ అయ్యేటప్పుడు ఆ కంప్యూటర్ ముందు ఎవరైనా కూర్చుని ఉంటారా?

మైక్రోసాఫ్ట్ సాధనం ఆఫీసు అవసరాల్లోంచి పెరిగింది. 2001లో విండోస్ ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌తో మామూలు కంప్యూటర్లకూ వచ్చింది. మనం లాగిన్ కాగానే అక్కడి స్క్రీన్ లాక్ అయిపోతుంది. మన మానిటర్‌కు తగ్గట్టు కొలతలు సర్దుకుంటాయి, అక్షరాలు స్ఫుటంగా కనిపిస్తాయి, ఇక్కడ కాపీ చేసింది అక్కడ పేస్ట్ అవుతుంది. గంటల తరబడి ఒంటరిగా పనిచేసుకునేవారికి ఇదే హాయి.

గూగుల్ సాధనం అక్కడి స్క్రీన్‌నే వీడియోలా పంపుతుంది. నెట్ నెమ్మదిస్తే బొమ్మ మసకబారుతుంది, ఒత్తులు పోల్చుకోవడం కష్టమవుతుంది. కానీ గుంటూరులో నాన్న చూస్తున్నదే డాలస్‌లో కూతురూ చూస్తుంది. "నాన్నా, ఆ పసుపు ఫోల్డర్ తెరవండి" అని ఫోన్లో చెబుతూ మౌస్‌ను అక్కడిదాకా తీసుకెళ్లి చూపిస్తుంది. ఆయన 12 అంకెల కోడ్ చదివి చెబితే చాలు, అది ఒక్కసారికే పనికొస్తుంది. అదే సాయం రిమోట్ డెస్క్‌టాప్‌తో చేయబోతే ఆయన ముందు లాక్ స్క్రీన్ తప్ప ఏమీ మిగలదు.

పెట్టుకోవడంలోనూ తేడా ఉంది. విండోస్ హోమ్ ఎడిషన్ నుంచి వేరే కంప్యూటర్‌లోకి వెళ్లొచ్చు గానీ, దానిలోకి రిమోట్ డెస్క్‌టాప్‌తో రానివ్వదు, అందుకు ప్రో ఉండాలి. రోజూ పిన్ కొట్టి తెరిచేవారికి ఇంకో చిక్కు: ఇక్కడ ఆ పిన్ చెల్లదు, అకౌంట్ పాస్‌వర్డే అడుగుతుంది. పైగా మన దగ్గర చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ ఉండదు కాబట్టి రౌటర్‌లో పోర్ట్ తెరిచినా బయటినుంచి ఎవరూ చేరలేరు. క్రోమ్‌కు ఈ బాధ లేదు. ఇంటి కంప్యూటరే ముందుగా గూగుల్ సర్వర్‌ను పలకరిస్తుంది. అయితే కంప్యూటర్ స్లీప్‌లోకి జారుకుంటే రెండూ పనిచేయవు. పవర్ సెట్టింగుల్లో దాన్ని ఆపడం మరిచిపోకూడదు.

భద్రత విషయంలో రెండింటి బలహీనతలూ వేర్వేరు చోట్ల ఉన్నాయి. రిమోట్ డెస్క్‌టాప్‌కు ముప్పు రౌటర్ దగ్గర. 3389 పోర్ట్‌ను ఇంటర్నెట్‌కు తెరిచి పెడితే పాస్‌వర్డ్ ఊహించే ప్రోగ్రాములు నిరంతరం తడుతూనే ఉంటాయి. 2019లో బయటపడ్డ బ్లూకీప్ లోపానికైతే పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు. దాని తీవ్రత చూసి, ఎప్పుడో సపోర్ట్ ఆపేసిన ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది. క్రోమ్‌కు ముప్పు మనిషి దగ్గర. బ్యాంకు నుంచి అంటూ ఫోన్ చేసినవాడికి ఆ 12 అంకెలు చెప్పి, వచ్చిన అనుమతికి సరే అంటే, కంప్యూటర్ అప్పగించినట్టే.

అందుకే సొంత పనికైతే రిమోట్ డెస్క్‌టాప్‌నే ఎంచుకుంటాను, అదీ టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ లోపల, పోర్ట్ మూసి ఉంచి. అమ్మానాన్నలకు సాయం చేయడానికి మాత్రం క్రోమే సరైనది. అయితే ఇన్‌స్టాల్ చేసిన రోజే వాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి: కోడ్ అడగాల్సింది బిడ్డలే, అదీ మీరు ఫోన్ చేసి సాయం కోరినప్పుడే.