చస్తేనే గౌరవమా?

మా శ్రీముఖలింగం వైపు ఊళ్లలో మిలట్రీకి వెళ్లొచ్చినవాళ్లు చాలామందే ఉంటారు. అందుకే యుద్ధ సినిమా అంటే ఆశగా కూర్చుంటాను. పేలుళ్లు ఎలా తీశారన్నది నాకు తర్వాతి సంగతి. యూనిఫాం ఒకటే అయినా ఎవరి పళ్లెం ఎక్కడ పెడుతున్నారు, చావుకి ముందు ఎవరిని తోస్తున్నారు? నేను వెతికేది అది.

స్పైక్ లీ 2008లో తీసిన ‘మిరకిల్ ఎట్ సెయింట్ ఆనా’లో అది ఒక్కచోట దొరికింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలో పోరాడిన అమెరికా 92వ డివిజన్‌లోని నలుగురు నల్లజాతి సైనికుల కథ ఇది. ఇటలీకి వెళ్లకముందు, లూసియానాలో, వాళ్లు ఐస్‌క్రీం తినడానికి ఒక కొట్టుకి వెళ్తారు. కొట్టువాడు పెట్టనంటాడు. అదే కొట్లో జర్మన్ యుద్ధఖైదీలు మాత్రం దర్జాగా కూర్చుని ఉంటారు. తెల్లతోలు ఉంటే శత్రువుకైనా కుర్చీ దొరుకుతుంది. ఆ సన్నివేశం దగ్గర నా కడుపు రగిలిపోయింది. కానీ విగ్రహం తల, మహిమల పిల్లాడు, పోస్టాఫీసులో హత్య... రెండు గంటల నలభై నిమిషాల్లో ఆ అవమానం ఎక్కడో తప్పిపోయింది. చివరికి నలుగురిలో ముగ్గురు చనిపోతారు, మనం కళ్లు తుడుచుకుంటాం.

మన క్రిష్ ‘కంచె’ (2015) కూడా ఆ ఇటలీ యుద్ధంలోకే వెళ్లింది. కులం ఊరి మధ్య వేసిన కంచెను తెలుగు తెర మీద నిలబెట్టడం చిన్న సాహసం కాదు, జాతీయ అవార్డు ఊరికే రాలేదు. కానీ అక్కడా, కులం పేరుతో చిన్నచూపుకి గురైన హరిబాబు ప్రాణమిచ్చాకే, అతన్ని అలా చూసిన ఈశ్వర్ మనసు కరుగుతుంది. తక్కువగా చూసినవాడు మారడానికి, తక్కువగా చూడబడ్డవాడు ఎందుకు చావాలి?

చరిత్రలో అలా చచ్చినా మనసులు కరగలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన నల్లజాతి సైనికుల్లో ఒక్కరికీ అప్పట్లో అమెరికా తన అత్యున్నత పతకం ‘మెడల్ ఆఫ్ ఆనర్’ ఇవ్వలేదు. 1997లో ఏడుగురికి ఇచ్చేసరికి, బతికి అందుకున్నది 92వ డివిజన్‌కి చెందిన వెర్నాన్ బేకర్ ఒక్కడే.

సినిమాలు రాయాలనుకునే మా వైపు పిల్లలకి నా మనవి. రిటైరై వచ్చిన మిలట్రీవాళ్ల దగ్గర కూర్చోండి. పతకాల సంగతి తర్వాత. సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు యూనిఫాంకి దొరికిన మర్యాద, అది విప్పాక ఎవరి గుమ్మం దగ్గర ఆగిపోయిందో అడగండి. అక్కణ్నించి రాయడం మొదలుపెట్టండి.