స్టీలుకు పెట్టిన మెరుగు

ఖరీదైన స్పోర్ట్స్ వాచీ కొనేవాళ్లు ముందు పేరు చూస్తారు, తర్వాత లోపలి యంత్రం. లోహం సంగతి చివర్న. నేనైతే ఆ వరుసను తిరగేస్తాను.

1972లో స్విట్జర్లాండు కంపెనీ ఓడమార్ పిగే 'రాయల్ ఓక్' తెచ్చింది. రూపం గీసింది జెరాల్డ్ జెంటా. ఎనిమిది పలకల చట్రం, దాని మీద దాచకుండా వదిలేసిన ఎనిమిది మరలు, ఒళ్లంతా స్టీలు. ధర మాత్రం ఎన్నో బంగారు వాచీలను మించి 3,300 ఫ్రాంకులు!

ఆ ధరకు జవాబు మెరుగుపెట్టే పనివాళ్ల చేతుల్లో ఉంది. స్టీలు బంగారంలా లొంగదు. ఒక ముఖానికి సన్నని గీతల రాపిడి, పక్క వాలుకు అద్దంలాంటి నునుపు. రెండూ కలిసే చోట అంచు పదునుగా నిలవాలి. చక్రానికి కాస్త ఎక్కువసేపు ఆనిస్తే చాలు, అంచు గుండ్రంగా అరిగిపోతుంది. పట్టీలో లంకె లంకెకూ ఇదే తంతు. ఇంత ఓపిక ఎక్కడిదో!

ఇక యంత్రం. రాయల్ ఓక్ బాటలోనే మరో రెండు వాచీలు వచ్చాయి. 1976లో పటెక్ ఫిలిప్ 'నాటిలస్', అదీ జెంటా గీతే. 1977లో వాషెరాన్ కాన్‌స్టాంటిన్ '222'. (దీన్నీ జెంటాకే అంటగడుతుంటారు, గీసింది జోర్గ్ హైసెక్.) అప్పట్లో ఈ మూడింటిలోనూ ఆడింది జేజే లకూల్ట్ర్ రూపొందించిన ఒకే మూల యంత్రం. ఓడమార్ వాడిన రకం మందం 3.05 మిల్లీమీటర్లే. ఏ పేరు గొప్పదని వాదులాడేవాళ్లు ఈ మాట ఎత్తరు.

పాతది కొంటే వెలుతురులో తిప్పి అంచులు చూడండి. మళ్లీ మళ్లీ మెరుగుపెట్టించి తళతళలాడేదాని కన్నా, గీతలు పడినా అంచు చెడనిదానికే సేకరించేవాళ్లు ఎక్కువిస్తారు.